ఆమో కాదండీ, అమ్మో!

పోయిన సంచికలో తుపాకీ లాకర్ల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగం తూటాల గురించే. అరలు ఖాళీగా ఉంటున్నాయని, ఉన్నా మనిషికి రెండు బాక్సులే ఇస్తున్నారని. అమెరికాలో వీటిని ఆమో అంటారు, కొరత రోజుల్లో ధర చూస్తే మన నోట్లోంచి వచ్చే మాటా దాదాపు అదే! ఒకే రకం ప్రశ్నలన్నీ కలిపేసి రాస్తున్నాను, మీ ఉత్తరం కనపడలేదని కోపం తెచ్చుకోవద్దు.

ప్రశ్న: ఉండేది టెక్సాస్, గ్రీన్ కార్డు ఉంది. శనివారం పొద్దున్నే షాపుకి వెళ్తే నైన్ ఎంఎం పిస్టల్ తూటాలు మనిషికి రెండే బాక్సులని బోర్డు పెట్టారు. నా డబ్బుతో నేను కొనుక్కుంటుంటే ఎన్ని కొనాలో చెప్పడానికి వీళ్లెవరు? ఇలాంటి చట్టం ఏమైనా ఉందా?

లేదు. ఒక మనిషి ఇన్ని తూటాలకి మించి కొనకూడదన్న లెక్క ఫెడరల్ చట్టంలో లేదు. వయసు నిబంధన మాత్రం ఉంది, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర రైఫిల్ తూటాలకి 18 ఏళ్లు, పిస్టల్ తూటాలకి 21 ఏళ్లు నిండాలి. కొన్ని రాష్ట్రాలు దీని మీద ఇంకొంచెం బిగించాయి, న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ 13 నుంచి తూటాలు కొన్నా బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. కానీ మీరు చూసిన బోర్డు షాపువాడు సొంతంగా పెట్టుకున్నది, ఆఫర్ రోజున సూపర్ మార్కెట్లో ఒక్కొక్కరికి రెండే నూనె ప్యాకెట్లు అంటారే, అలాంటిదే. 2013 జనవరిలో వాల్‌మార్ట్ కూడా రోజుకి మనిషికి మూడు బాక్సులే అని పెట్టింది.

మీకు కోపం రావడం సహజమే కానీ నేను షాపువాడి పక్షమే. ఎందుకంటే 2013లో నేనూ లైన్లో నిలబడ్డాను. ఏ షాపో ఎందుకులెండి, తెల్లవారుజామున చలిలో కాఫీ కప్పు పట్టుకుని నిలబడితే నాకు ముందు పెద్దాయన ఒకడు, ఆయన వెనకాలే భార్య, ఇద్దరు కొడుకులు, చిన్నవాడు నిద్రమొహంతో టోపీ కళ్ల మీదకి లాక్కుని ఉన్నాడు. నలుగురూ తలా మూడు చొప్పున పన్నెండు బాక్సులు ఎత్తారు. నా వంతు వచ్చేసరికి నాకు కావాల్సిన ట్వంటీటూ రకం తూటాలు అయిపోయాయి. బయటికొచ్చి చూస్తే అదే పెద్దాయన కారు డిక్కీ తెరిచి రెట్టింపు ధరకి అమ్ముతున్నాడు! అంటే మూడు బాక్సుల పరిమితి ఉన్నా ఇదీ సంగతి, అది కూడా లేకపోతే మొదటి మనిషే లారీ మొత్తం ఖాళీ చేసేవాడు.

ప్రశ్న: కొరత వస్తే ఫ్యాక్టరీలు ఇంకాస్త ఎక్కువ తయారు చెయ్యొచ్చు కదా? కావాలనే తొక్కిపెట్టి ధర పెంచుతున్నారని తుపాకీ సాధన చేసే మా రేంజ్‌లో అందరూ అంటున్నారు. నిజమేనా?

రేంజ్‌లో అందరూ అనే మాటలు నమ్మితే మనం ఎప్పుడో మునిగిపోయేవాళ్లం.

తూటా అంటే ఒక్క వస్తువు కాదు, నాలుగు. కింద ఇత్తడి గొట్టం, దాని అడుగున మధ్యలో ప్రైమర్, లోపల మందు, పైన సీసం మొన. మనం బుల్లెట్ బుల్లెట్ అంటాం కానీ నిజానికి బుల్లెట్ అంటే ఆ మొన ఒక్కటే. ఈ నాలుగింటిలో అసలు చిక్కు తెచ్చేది ప్రైమర్. మిరియం గింజంత ఉంటుంది, తుపాకీలోని పిన్ను తగలగానే నిప్పురవ్వ పుట్టించి మందుని అంటిస్తుంది. దెబ్బ తగిలితే పేలే సరుకుతో చేసే పని, కొత్త లైను పెట్టాలంటే ఏళ్లు పడుతుంది. అమెరికాలో వీటిని పెద్ద ఎత్తున చేసేవి ప్రధానంగా నాలుగే పేర్లు, ఫెడరల్, సీసీఐ, వించెస్టర్, రెమింగ్టన్. అందులో రెమింగ్టన్ సరిగ్గా 2020లో, అంటే జనం తుపాకుల కోసం ఎగబడుతున్న ఏడాదే దివాలా తీసింది. ఆర్కన్సాలోని దాని తూటాల ఫ్యాక్టరీని విస్టా అవుట్‌డోర్ అనే కంపెనీ కొనుక్కుని మళ్లీ నడిపించాల్సి వచ్చింది.

ఇక కొనేవాళ్ల సంగతి. తుపాకుల పరిశ్రమ సంఘం నేషనల్ షూటింగ్ స్పోర్ట్స్ ఫౌండేషన్ అంచనా ప్రకారం 2020లో మొట్టమొదటిసారి తుపాకీ కొన్నవాళ్లే 84 లక్షల మంది. తలా రెండు బాక్సులు, బాక్సుకి యాభై, మీరే గుణించుకోండి, 84 కోట్ల తూటాలు. అదీ కొత్తవాళ్లకి మాత్రమే, పాతవాళ్లు భయపడి కొని మంచం కింద దాచినవి ఇందులో లేవు. 2019లో పది డాలర్లకి కాస్త అటూ ఇటూగా దొరికిన యాభై నైన్ ఎంఎం బాక్సు 2021 మొదట్లో నలభై దాకా వెళ్లిందంటే వెళ్లదా మరి. దాని మీద అదే ఏడాది సెప్టెంబర్ 7 నుంచి రష్యా తూటాలకి కొత్త దిగుమతి అనుమతులు ఆపేశారు, అక్కడి ప్రతిపక్ష నాయకుడు నవాల్నీ మీద విషప్రయోగం జరిగినందుకు విధించిన ఆంక్షల్లో అదొకటి. తులా, వోల్ఫ్ అని చవగ్గా దొరికే ఉక్కు గొట్టాల రకాలు అలా తగ్గిపోయాయి.

ఫ్యాక్టరీవాళ్లు పుణ్యాత్ములని నేననడం లేదు, లాభాలు బాగానే చూసుకున్నారు. కానీ దాచిపెట్టింది గోడౌన్లో వాళ్లకంటే గరాజుల్లో మనమే ఎక్కువ. అన్నట్టు, మందులో వాడే నైట్రోసెల్యులోజ్‌కి ముడిసరుకు పత్తి గింజకి అంటుకుని ఉండే పొట్టి నూగు. మా గుంటూరు పత్తికి, టెక్సాస్ రేంజ్‌కి చుట్టరికం ఉందన్నమాట! 2024లో ఆ నైట్రోసెల్యులోజ్‌కి కూడా కొరత వచ్చింది.

ప్రశ్న: తూటాలన్నీ ప్రభుత్వ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ వాళ్లే కొనేసి జనానికి లేకుండా చేస్తున్నారని వాట్సాప్‌లో వచ్చింది.

ఇది 2013 నాటి పాత కూర, మళ్లీ వేడిచేసి వడ్డిస్తున్నారు. అప్పట్లో ఈ గోల ఎక్కువై ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏవో లెక్కలు తీసి 2014లో నివేదిక ఇచ్చింది. ఆ శాఖ ఏడాదికి సగటున కొన్నది దాదాపు 10.9 కోట్ల తూటాలు, 2009 తర్వాత అదీ తగ్గుతూ వచ్చింది. పై జవాబులో 84 కోట్ల పక్కన పెట్టి చూసుకోండి.

ప్రశ్న: నేను హెచ్1బీ మీద ఉన్నాను. తుపాకీ లేదు, కొనను కూడా. మా బాబాయికి సిటిజన్‌షిప్ ఉంది, షాపులో ఇద్దరం నిలబడితే నాలుగు బాక్సులొస్తాయి, నా వంతు రెండూ ఆయనకే ఇచ్చేస్తాను. తప్పేం లేదు కదా?

ఈ నెల ఉత్తరాల్లో నాకు టెన్షన్ పెట్టింది ఇదే. బాబూ, ఆ లైన్లోంచి ముందు బయటికి రా.

ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, అంటే ఎఫ్1 అయినా హెచ్1బీ అయినా హెచ్4 అయినా, తుపాకీ ఒక్కటే కాదు, తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదు. రెండు బాక్సులు పట్టుకుని కౌంటర్ నుంచి బాబాయి కారు దాకా నడిచావంటే అంతసేపూ అవి నీ దగ్గర ఉన్నట్టే. దొరికితే పదిహేనేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు, 2022లో పదేళ్ల నుంచి పెంచారు. ఇక వీసా సంగతి వేరే చెప్పాలా. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనది ఇక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది ఉందనుకున్నా ముందు లాయర్‌ని అడుగు, నా కాలమ్ చదివి వెళ్లొద్దు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. చట్టం దృష్టిలో ఆమో అంటే నిండు తూటా ఒక్కటే కాదు. ఇత్తడి గొట్టం, ప్రైమర్, మొన, మందు, వేటికవే ఆ నిర్వచనంలో ఉన్నాయి. ఫ్రెండ్‌తో రేంజ్‌కి వెళ్లి గుర్తుగా ఉంటుందని ఖాళీ గొట్టం జేబులో వేసుకొచ్చి డెస్కు మీద పెట్టుకున్న కుర్రాళ్లని నేనే ఇద్దరిని చూశాను. రేంజ్‌కి వెళ్లి కాల్చడం కూడా ఆటేం కాదు. చదువు ఆగిపోయి వీసా స్టేటస్ పోయిన ఒక విద్యార్థి ఫ్లోరిడాలో ఒక రేంజ్‌కి వెళ్లి కాల్చినందుకు పెట్టిన కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2019లో తీర్పు వచ్చిన రెహైఫ్ కేసు అంటారు. అతని స్టేటస్ సంగతి అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని కోర్టు అంది. అంతేగానీ రేంజ్‌కి వెళ్లడం తప్పు కాదనలేదు.

మీ బాబాయికి కూడా చెప్పు. నీకు అనుమతి లేదని తెలిసి నీ చేతికి తూటాలు ఇస్తే ఆయన మీదా కేసు పెట్టొచ్చు. గ్రీన్ కార్డు వచ్చాక ఈ నిషేధం నీకు వర్తించదు, అప్పుడు ఇద్దరూ కలిసి ఎన్ని లైన్లలో నిలబడతారో నిలబడండి.

ప్రశ్న: విడిభాగాలు కొని ఇంట్లోనే తూటాలు తయారు చేసుకుంటే చవకట, కొరత గొడవా ఉండదట. మొదలుపెట్టమంటారా?

సరదా ఉంటే మొదలుపెట్టండి, కొరత తప్పించుకోవడానికైతే వద్దు. పైన చెప్పిన మిరియం గింజ మీకూ కావాలి కదా. వెయ్యి కలిపి ముప్పై, ముప్పై అయిదు డాలర్లకి దొరికిన ప్రైమర్లు కొరతలో వంద డాలర్లు దాటాయి, అవీ ముందు తూటాల ఫ్యాక్టరీకి, మిగిలితే మీకు. ఓపిక లేనివాళ్లకి ఇది అసలు పనికిరాదు, మందు తూకంలో తేడా వస్తే చేతులకే ప్రమాదం.

ప్రశ్న: నాకు గ్రీన్ కార్డు ఉంది. మళ్లీ కొరత వస్తే ఎలాగని ఇప్పుడే అయిదు వేల తూటాలు కొనిపెట్టాను, ఆవిడ గొడవ చేస్తోంది. పాడైపోతాయా? ఈ వేసవికి ఇండియా వెళ్తున్నాం, ఇంట్లో వదిలి వెళ్లొచ్చా?

చల్లగా, తేమ లేకుండా ఉంచితే దశాబ్దాలు ఉంటాయి, తాళం వేసి వెళ్లండి. వేసవిలో మండిపోయే గరాజులో మాత్రం పెట్టొద్దు. ఏడాదికి ఎన్ని కాలుస్తారో మీకు తెలుసు కదా, రెండేళ్లకి మించి దాచడం నాకైతే అనవసరం అనిపిస్తుంది, ఆవిడ గొడవలో న్యాయముంది.

ఇండియా ప్రయాణం అన్నారు కాబట్టి అడగని దానికి కూడా చెబుతాను. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగే విమానానికి వాడకండి. లైనింగ్ చిరిగిన చోట ఒక్క తూటా జారి ఉండిపోతుంది, మీకు తెలియదు, శంషాబాద్‌లో స్కానర్‌కి తెలుస్తుంది. ఇండియాలో లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఉన్నా ఆయుధాల చట్టం కింద కేసే. తెలియక ఉండిపోయిందని తేలితే కోర్టులు కేసు కొట్టేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి, కానీ ఆ తేలేలోపు మీ సెలవులన్నీ పోలీస్ స్టేషన్ చుట్టూనే గడిచిపోతాయి. అంతగా ఆ బ్యాగే కావాలనుకుంటే ప్రతి జిప్పూ తెరిచి, తెల్ల దుప్పటి మీద తలకిందులుగా గట్టిగా దులపండి. నేను పోయిన డిసెంబర్‌లో దులిపితే రెండు ట్వంటీటూలు, ఒక తమలపాకు తొడిమ పడ్డాయి.