టెక్ సందేహాలు: మెనూలో లింకు దాస్తే పేజీకి తాళం పడదు

ప్రశ్న: గాజువాకలోని మా ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కోసం పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో చిన్న సైటు తయారుచేసుకున్నాం. లోడింగ్ రిజిస్టరు, డీజిల్ బిల్లులు, డ్రైవర్ల జీతాలు ఇలా 14 పేజీలున్నాయి. గుమాస్తాకి రిజిస్టరు లింకు, అకౌంటెంటుకి బిల్లులు, జీతాల లింకులు మాత్రమే కనపడాలి. ప్రతి లింకు ముందూ ‘ఇఫ్’ కండిషన్ రాస్తున్నాం. కొత్తవాళ్లు చేరినప్పుడల్లా కోడు మార్చాల్సి వస్తోంది. లింకులు డేటాబేస్ నుంచే వచ్చేలా చేయడమెలా?

జవాబు: మనుషుల పేర్లు, హోదాలు కోడులో ఉండకూడదు. ఐదు టేబుళ్లు పెట్టండి: యూజర్లు, రోల్స్ (గుమాస్తా, అకౌంటెంటు లాంటి హోదాలు), పేజీలు, ఏ యూజరుకి ఏ రోల్, ఏ రోల్‌కి ఏ పేజీ. చివరి రెండింట్లో రెండేసి ఐడీ కాలమ్‌లు చాలు. ఆ రెండూ కలిపి ప్రైమరీ కీ (ఒక్కో వరుసను గుర్తించే, మళ్లీ రాకూడని విలువ) చేయండి. ఒకే అనుమతి రెండుసార్లు ఎక్కదు, వెతుకులాటకు ఇండెక్సూ దొరుకుతుంది. పేజీల టేబుల్లో పేజీ కోడ్, లింకు పేరు, అడ్రసు, మెనూలో వరుస నంబరు ఉంచండి.

మెనూ క్వెరీ యూజర్-రోల్ టేబుల్‌తో మొదలవ్వాలి. దానికి రోల్-పేజీ టేబుల్‌ని రోల్ ఐడీతోనూ, పేజీల టేబుల్‌ని పేజీ ఐడీతోనూ ఇన్నర్ జాయిన్ (రెండు టేబుళ్లలోనూ సరిపోయిన వరుసలనే తెచ్చేది) చేయండి. ‘వేర్’లో యూజర్ ఐడీ ప్రశ్నార్థకంగా ఉంచి, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (క్వెరీని, విలువను విడివిడిగా పంపే పద్ధతి) ద్వారా విలువ కట్టండి. ఆ ఐడీ సెషన్ (లాగిన్ అయిన మనిషి వివరాలను సర్వర్ గుర్తుంచుకునే చోటు) నుంచే రావాలి. అడ్రసులోంచో, ఫారంలో దాచిన ఫీల్డులోంచో తీసుకుంటే ఎవరైనా దాన్ని మార్చి ఓనరు మెనూ తెరుస్తారు.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. పేజీల టేబుల్‌తో మొదలుపెట్టి లెఫ్ట్ జాయిన్ వాడి, యూజర్ ఐడీ షరతును ‘వేర్’లో కాకుండా ‘ఆన్’లో రాస్తే, అనుమతి లేని పేజీలు కూడా ఖాళీ విలువలతో వచ్చేస్తాయి, మెనూలో 14 లింకులూ కనపడతాయి. ఇంకోటి, ఒకే మనిషికి రెండు రోల్స్ ఉంటే లింకు రెండుసార్లు వస్తుంది. దానికి ‘డిస్టింక్ట్’ పెట్టాలి. కానీ వరుస నంబరుతో ‘ఆర్డర్ బై’ చేస్తూ ఆ కాలమ్‌ని ‘సెలెక్ట్’లో రాయకపోతే, మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి డిఫాల్ట్ సెట్టింగుల్లో 3065 నంబరు ఎర్రర్ వస్తుంది. ఆ కాలమ్‌ని కూడా ‘సెలెక్ట్’లో చేర్చండి, సరిపోతుంది.

మీరు అడగనిదే అయినా అసలు చెప్పాల్సింది ఇది. లింకు కనపడకపోయినా అడ్రసు టైపు చేస్తే జీతాల పేజీ తెరుచుకుంటుంది. మెనూ తెలివిగా చేసి తలుపు బార్లా వదిలేయడం చాలా సైట్లలో కనిపించే లోపం. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన వెబ్ అప్లికేషన్ ప్రమాదాల జాబితాలో ఈ రకం లోపాలదే మొదటి స్థానం, 2017 జాబితాలో ఐదోది.

అందుకని ఒక కాపలా ఫైలు రాసి, ప్రతి పేజీలో మొట్టమొదటి లైనుగా ‘రిక్వైర్’ చేయండి. అందులో అవే జాయిన్‌లు, ‘వేర్’లో అదనంగా ఆ పేజీ కోడ్. పేజీ కోడ్‌ని ఆ పేజీలోనే రాయాలి, అడ్రసు నుంచి తీసుకోకూడదు. క్వెరీకి ఒక్క వరుస (రో) కూడా దొరక్కపోతే 403 (‘అనుమతి లేదు’ అనే కోడ్) పంపి, వెంటనే ‘ఎగ్జిట్’ అనాలి. లాగిన్ పేజీకి రీడైరెక్ట్ చేసినా అంతే. హెడర్ పంపినంత మాత్రాన పీహెచ్‌పీ ఆగదు. ‘ఎగ్జిట్’ లేకపోతే కింది కోడంతా నడిచి, జీతాల పట్టిక రీడైరెక్ట్ వెనకాలే వెళ్లిపోతుంది. బ్రౌజర్‌లో కనపడదు, రీడైరెక్ట్ వెంట వెళ్లని కర్ల్ లాంటి టూల్స్ వాడేవాళ్లు చదువుకోగలరు.

పేజీకి కాపలా పెట్టినా టేబుల్లోని వరుసలకు, అంటే ఒక్కో రికార్డుకి, వేరే కాపలా కావాలి. బిల్లు అడ్రసు చివర 57ని 58 చేస్తే వేరే బ్రాంచి బిల్లు రాకూడదనుకుంటే, ఆ బిల్లు తెచ్చే క్వెరీ ‘వేర్’లో యూజరు బ్రాంచి ఐడీ కూడా ఉండాలి. అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌లు పబ్లిక్ ఫోల్డరులో ఉంటే వెబ్ సర్వరే నేరుగా ఇచ్చేస్తుంది, మీ కాపలా ఫైలు నడవనే నడవదు. వాటిని ఆ ఫోల్డరు బయటికి మార్చి, అనుమతి చూశాకే పీహెచ్‌పీలోని ‘రీడ్‌ఫైల్’ ఫంక్షన్‌తో పంపండి.

అనుమతులను సెషన్‌లో దాచుకోవద్దు. ఉద్యోగం మానేసిన మనిషి రోల్ తీసేసినా, లాగౌట్ అయ్యేదాకా పాత జాబితాయే పనిచేస్తుంది. మీ సైటంత దానికి ప్రతిసారీ క్వెరీ వేసినా భారం ఉండదు.

ప్రశ్న: మద్దిలపాలెంలో మా కోచింగ్ సెంటర్ సైటులో లాగౌట్ అయ్యాక బ్యాక్ బటన్ నొక్కితే మార్కుల పేజీ ఒకటి మళ్లీ కనపడుతోంది. మిగతావి బాగానే ఉన్నాయి. ఇదీ పీహెచ్‌పీయే.

జవాబు: ఆ ఒక్క పేజీనే అనుమానించండి. పీహెచ్‌పీలో సెషన్ మొదలుపెడితే, సెట్టింగు మార్చకపోతే, ‘నో-స్టోర్’ అనే క్యాష్ హెడర్ దానంతటదే వెళ్తుంది. పేజీని దాచుకోవద్దని బ్రౌజర్‌కి చెప్పేది అదే. ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ పేజీ హెడర్లు చూడండి. ‘నో-స్టోర్’ లేదంటే, కోడులో ఎవరో మార్చి ఉండాలి, లేదా ఆ పేజీ సెషన్‌నే మొదలుపెట్టడం లేదు. రెండోదైతే లాగిన్ చూసే కోడు కూడా అక్కడ లేనట్టే. ఇన్‌కాగ్నిటో విండోలో ఆ అడ్రసు అతికించి చూడండి. లాగిన్ అడక్కుండా మార్కులు కనిపిస్తే, బ్యాక్ బటన్ సంగతి తర్వాత, ముందు ఆ పేజీని సైటు నుంచి దించేసి కాపలా పెట్టండి.