ఉద్యోగం పోయిన సంగతి నాయనకు చెప్పలేదు

ప్రశ్న: నా వయసు 34 సంవత్సరాలు. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఒక మందుల కంపెనీలో ఆరేళ్ళు పనిచేశాను. ఆర్డర్లు లేవని చెప్పి నాలుగు నెలల క్రితం మా షిఫ్టులో చాలామందిని పనికి రావద్దన్నారు. అప్పట్లో చేతికి నెలకు 22,000 రూపాయలు వచ్చేవి. ఇప్పుడు నా భార్య కుట్టుపని మీద వచ్చే ఐదారు వేలే ఆధారం. ఇద్దరు పిల్లల చదువు, ఇంటి అద్దె, బండి కిస్తీ ఉన్నాయి. తెలిసినవారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చాను. క్రెడిట్ కార్డు మీద 40,000, ఫోనులో లోన్ యాప్ ద్వారా 15,000 బాకీ ఉన్నాయి. కల్వకుర్తి దగ్గర మా ఊళ్ళో ఉంటున్న నాయనకు ఈ సంగతేదీ తెలియదు. ఎప్పటిలాగే నెలకు 4,000 పంపుతున్నాను, అదీ అప్పు తెచ్చే. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, ఫోను మోగితే చెమటలు పడతాయి. సాయంత్రం రెండు సీసాల కల్లు తాగితేనే నిద్ర పడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు.
— పేరు వద్దు, జడ్చర్ల

జవాబు: అప్పుల లెక్క వివరంగా రాసిన మీరు కల్లు సంగతిని చివర్లో ఒక్క వాక్యంతో దాటేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. దుకాణాలకు వచ్చే కల్లులో ఆల్ప్రజోలం, డయజిపాం వంటి మత్తుమందులు కలపడం, ఎక్సైజు వాళ్ళు పట్టుకోవడం పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో ఏళ్ళుగా జరుగుతున్నదే. రెండు సీసాలకే మొద్దునిద్ర పడుతోందంటే, అవి లేని రోజు అసలు కన్నే మూతపడటం లేదంటే, మీరు తాగుతున్నది కల్లు ఒక్కటే కాకపోవచ్చు. ఆ మందు ప్రభావం దిగిపోయే వేళకు గుండెదడ, చెమట, చేతుల వణుకు, కారణం తెలియని భయం మొదలవుతాయి. మీరు రాసిన లక్షణాలూ అవే. కాబట్టి మీరు ఆందోళన అనుకుంటున్నదానిలో కొంత అప్పుల వల్ల వచ్చినది, కొంత సీసా వల్ల వచ్చినది కావచ్చు. ఏది ఎంతో తేల్చవలసింది వైద్యులు.

అలాగని ఈ రోజు నుంచే పూర్తిగా మానేయకండి. అలవాటు పడిన శరీరానికి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్సు రావచ్చు, మతి చలించినట్లు మాట్లాడవచ్చు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరమైనప్పుడు తెలంగాణ జిల్లాల్లో ఎందరో ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలిసి, రోజుకు ఎన్ని సీసాలు, ఎన్ని నెలలుగా అన్నది దాచకుండా చెప్పండి. మందులిచ్చి క్రమంగా మాన్పించే పద్ధతి ఉంది. గుండె, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి, ఎందుకంటే థైరాయిడ్ ఎక్కువైనా ఇదే దడ, ఇదే వణుకు కనిపిస్తాయి.

ఇక నాయనకు పంపుతున్న నాలుగు వేలు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పంపిన 4,000, ఏడాది తిరిగేసరికి మీ నెత్తిన 5,440 అవుతుంది. ఈ సంగతి తెలిస్తే ఆయన కోప్పడేది ఉద్యోగం పోయినందుకు కాదని, ఈ వడ్డీ కట్టినందుకని నా అనుమానం. పాలమూరులో మీ నాయన తరం వారు మేస్త్రీల దగ్గర బయానా తీసుకొని బొంబాయికీ, దేశంలో ఎక్కడెక్కడి ఆనకట్టల పనులకో వెళ్ళినవారు, లేదా వెళ్ళినవారిని ఇంట్లో చూసినవారు. పని దొరికిన నెల, దొరకని నెల అన్నవి వారికి కొత్త కాదు. ఒకటో తారీఖున జీతం పడకపోతే పరువు పోయినట్లు భావించడం మన తరానికే అబ్బింది. ఫోనులో కాకుండా ఊరికి వెళ్ళి, ఉపోద్ఘాతం లేకుండా చెప్పండి: “నాయినా, నాలుగు నెలల కింద కంపెనీల పని బందయింది. అప్పు తెచ్చి నీకు పంపుతున్న. ఇగ కొన్ని నెలలు పంపలేను.” ఆ తర్వాత ఆయన మందులకూ తిండికీ తప్పనిసరిగా ఎంత కావాలో, వృద్ధాప్య పింఛను వస్తోందో లేదో అడిగి, ఆ మేరకే చూడండి.

చెబితే ఊరంతా తెలుస్తుందన్న బెరుకు మీకుంటుంది. తెలియనివ్వండి. షాద్‌నగర్ వైపో, కొత్తూరు వైపో ఫలానా కంపెనీలో ఖాళీ ఉందని మీకు కబురు చెప్పేవాడికి, మీరు ఖాళీగా ఉన్నారన్న కబురు ముందు చేరాలి కదా. దాచిపెట్టడం వల్ల మీకు వడ్డీ ఖర్చు ఒకటే కాదు, పని దొరికే దారులు కూడా మూసుకుపోతున్నాయి.

మీరు ఇతరులకు ఇవ్వవలసిన బాకీలన్నీ రాశారు గానీ, మీకు రావలసిన డబ్బు గురించి ఒక్క మాట కూడా రాయలేదు. ఒకే యాజమాన్యం కింద ఐదేళ్ళు నిండిన ఉద్యోగికి, తానుగా మానేసినా, వాళ్ళే వద్దన్నా, గ్రాట్యుటీ చెల్లించాలి. సర్వీసులో ప్రతి సంవత్సరానికి పదిహేను రోజుల వేతనం చొప్పున, నెలను 26 పని దినాలుగా లెక్కించి ఇస్తారు. మీ మూలవేతనం, కరువు భత్యం కలిపి 14,000 అనుకుంటే ఆరేళ్ళకు సుమారు 48,000 రూపాయలు వస్తుంది. ఇది ఎవరి దయా కాదు, ముప్పై రోజుల్లో ఇవ్వవలసిన బాకీ. కాంట్రాక్టరు పేరు మీద పనిచేసినంత మాత్రాన ఈ హక్కు పోదు. కంపెనీకి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. స్పందించకపోతే ఆ నకలు, నియామక పత్రం, జీతం చీటీలు తీసుకొని మహబూబ్‌నగర్‌లోని కార్మిక శాఖ అధికారులను కలవండి. రావద్దని నోటిమాటగా చెప్పి పంపేస్తే దానికి పరిహారం వర్తిస్తుందేమో కూడా అక్కడే అడగండి. ఇంతవరకు రాజీనామా కాగితం మీద సంతకం చేయకపోతే ఇక చేయకండి.

రెండోది భవిష్య నిధి (పీఎఫ్). ఉద్యోగం పోయినవారు నిల్వలో 75 శాతం తీసుకోవచ్చు. మీ యూఏఎన్‌కు, అంటే పీఎఫ్ సభ్యత్వ నంబరుకు, ఆధార్, బ్యాంకు ఖాతా జతపడి ఉంటే దరఖాస్తు ఫోనులోనే పెట్టుకోవచ్చు. నెట్ సెంటరుకు వెళ్ళవలసి వస్తే పాస్‌వర్డు అక్కడ వదిలి రావద్దు. ఐదేళ్ళు దాటిన సర్వీసు కాబట్టి దీనిలో పన్ను కోత ఉండదు. పింఛను భాగాన్ని మాత్రం కదపకండి. మొత్తం సర్వీసు పదేళ్ళకు చేరితే 58 ఏళ్ళ వయసు నుంచి నెలనెలా పింఛను వస్తుంది, రేపు మరో కంపెనీలో చేరితే ఈ ఆరేళ్ళూ ఆ లెక్కలో కలుస్తాయి.

ఈ డబ్బు చేతికి రాగానే అందరికీ తలా కొంత ఇచ్చి మాట దక్కించుకోవాలనిపిస్తుంది. అలా చేస్తే ఏ అప్పూ తీరదు. ముందుగా లోన్ యాప్ బాకీని మొత్తంగా తీర్చి, రసీదు తీసుకొని ఆ యాప్‌ను తొలగించండి. అది మొత్తంలో చిన్నదే అయినా మనశ్శాంతిని ఎక్కువగా తినేది అదే, పైగా ఒక యాప్ బాకీ తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకొనే ఊబి అక్కడే ఉంది. తర్వాత మూడు రూపాయల వడ్డీ అప్పు: 60,000కు నెలకు 1,800, ఏడాదికి 21,600 వడ్డీకే పోతోంది. మీ భార్య మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, ఆమె బంగారం ప్రభుత్వ బ్యాంకులో కుదువ పెట్టి ఈ అప్పు తీర్చవచ్చు. అక్కడ వడ్డీ నూటికి నెలకు రూపాయి లోపే ఉంటుంది. అయితే ఆ వడ్డీ కూడా కట్టలేని స్థితి ఉంటే ఆ పని చేయకండి, వేలంలో పోయిన నగ తిరిగి రాదు. క్రెడిట్ కార్డును ఈ రోజే వాడటం ఆపి, బాకీని తక్కువ వడ్డీ కిస్తీలుగా మార్చమని బ్యాంకును అడగండి. నెలనెలా కనీస మొత్తం కడుతూ పోతే అసలు తరగనే తరగదు. బండి కిస్తీ విషయంలో చెక్కు తిరిగిపోయిన తర్వాత కాకుండా, గడువుకు వారం ముందే ఫైనాన్సు ఆఫీసుకు వెళ్ళి గడువు పొడిగించమని అడగండి.

ఫోను మోగితే చెమటలు పడుతున్నాయని రాశారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక ఫోను చేయకూడదు. రుణ యాప్‌లు మీ ఫోనులోని నంబర్ల జాబితానూ ఫోటోలనూ చూడకూడదు. మీ బంధువులకు ఫోను చేసినా, ఫోటోలు మార్చి పంపుతామని బెదిరించినా, ఆ సందేశాలు భద్రపరచి సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయండి. బాకీ ఉన్నంత మాత్రాన బెదిరింపులు పడాలని ఎక్కడా లేదు.

ఇంటి ఖర్చు గురించి మీ భార్యకు నాకన్నా బాగా తెలుసు. ఆహార భద్రత కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం, 200 యూనిట్ల లోపు కరెంటుకు సున్నా బిల్లు, ఆరోగ్యశ్రీ కింద 10 లక్షల వరకు వైద్యం ఉన్నాయి. కార్డు ఊళ్ళో ఉన్నా బియ్యం జడ్చర్లలో తీసుకోవచ్చు. వీటిని వాడుకోవడానికి మొహమాటపడే వేళ కాదిది.

తెల్లవారుజామున వచ్చే ఆలోచనలకు నా దగ్గర ఉన్నది ఒక్క ఉపాయమే. సాయంత్రం వెలుగుండగా అరగంట సేపు, భార్యాభర్తలిద్దరూ కూర్చొని, ఎవరికి ఎంత, ఏ తేదీకి, రేపు చేయవలసిన పని ఏమిటి అన్నది నోటుబుక్కులో రాయండి. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు ఆ లెక్కను మళ్ళీ మనసులో వేయకండి. అది పుస్తకంలో ఉంది, సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. లేచి కూర్చొని, పీల్చినదానికన్నా ఎక్కువసేపు ఊపిరి వదులుతూ పది నిమిషాలు గడిపితే దడ కొంత తగ్గుతుంది. బతికి లాభం లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా భార్యను లేపి చెప్పండి, 14416కు ఫోను చేయండి. టెలి మానస్ పేరుతో 2022 నుంచి నడుస్తున్న ఆ ఉచిత సేవలో రాత్రింబవళ్ళు తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్ళు. బీటెక్ అయ్యాక గ్రూప్స్‌కు చదువుతున్నానంటూ మూడేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాడు. పగలు పదకొండింటికి లేస్తాడు. పుస్తకం తెరిచి ఉంటుంది గానీ చదవడం కనపడదు. అమ్మ ఏమన్నా అంటే గది తలుపు వేసుకుంటాడు, పెళ్ళిళ్ళకు కూడా రాడు. పోరు పెట్టాలా, వదిలేయాలా?
— ఒక అక్క, మిర్యాలగూడ

జవాబు: రెండూ కాదు. సుమారు తొంభై ఏళ్ళ క్రితం, ఆస్ట్రియాలోని మరియెంతాల్ అనే ఊళ్ళో బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని పోగొట్టుకున్నప్పుడు, సామాజిక పరిశోధకురాలు మారీ యహోదా, ఆమె సహచరులు అక్కడి రోజువారీ జీవితాన్ని దగ్గరగా చూసి రాశారు. చదువుకోవడానికి కావలసినంత తీరిక దొరికినా గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకోవడం బాగా తగ్గిపోయింది. వీధిలో మగవారు ఆడవారికన్నా నెమ్మదిగా నడిచేవారు, మాటిమాటికీ ఆగేవారు. ఆడవారికి ఇంటి పని మిగిలే ఉంది కాబట్టి వారి రోజు చెదరలేదు. మీ తమ్ముడిది బద్ధకమని అమ్మ అనుకుంటున్నది చాలావరకు ఇదే.

కాబట్టి చదువు గురించి అడగడం కొన్నాళ్ళు మానేసి, వేళకు చేయక తప్పని పని ఒకటి అప్పగించండి. మీ ఊళ్ళో రైసుమిల్లులకు కొదవ లేదు. పూటకు నాలుగు గంటలు లెక్కలు రాసే పనైనా ఫరవాలేదు, జీతం తక్కువైనా ఫరవాలేదు. చదువు గదిలో కాకుండా గ్రంథాలయంలో సాగితే మేలు, అక్కడ తనలాంటివారు నలుగురు కనపడతారు. ఇంకా ఎన్ని నోటిఫికేషన్ల వరకు ప్రయత్నిస్తాడో, ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనైనా చేరతాడో అన్నది అతని నోటితోనే ఒక తేదీగా చెప్పించండి. రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగాల కోసం నడిపే డీట్ ఆన్‌లైన్ వేదికలో పేరు నమోదు చేసుకోవడానికి ఆ తేదీ దాకా ఆగనక్కర్లేదు. “ఏం చేస్తున్నడు?” అని అడిగే బంధువులకు జవాబు చెప్పే బాధ్యత అమ్మ మీద కాక మీ మీద వేసుకోండి.

రెండు వారాలకు మించి తిండి, నిద్ర, స్నానం కూడా గాడి తప్పి ఉంటే, ఇష్టమైన క్రికెట్టు మీద కూడా ఆసక్తి పోతే, నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించాలి. వెంట అమ్మ వస్తానంటే అతను బయలుదేరకపోవచ్చు. మీరు తీసుకెళ్ళండి, వైద్యుడి గదిలోకి మాత్రం అతన్ని ఒంటరిగా పంపండి.