‘లోర్’ చూసినవాళ్ల సందేహాలు

జానపద భయాల వెనక ఉన్న అసలు సంఘటనలను తవ్వి చూపే ‘లోర్’ సిరీస్ అమెజాన్ ప్రైమ్‌లో 2017 అక్టోబరులో 6 ఎపిసోడ్లు, మరుసటి ఏడాది మరో 6 ఎపిసోడ్లతో వచ్చి ఆగిపోయింది. దాని మీద వచ్చిన ప్రశ్నలకే ఈసారి పేజీ ఇచ్చేశాం.

ప్ర: ఒకరు అద్భుతం అంటున్నారు, ఇంకొకరు పాఠం చెప్పినట్టుంది అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? (కూకట్‌పల్లి పాఠకుడు)

జ: ఇద్దరి మాటా నిజమేనండి. మొదటి సీజన్‌లో ఆరన్ మాన్కీ అనే పాడ్‌కాస్టర్ గొంతు కథ చెబుతుంటే పాత ఫొటోలు, యానిమేషన్, నటుల సీన్లు కలిసి నడుస్తాయి. సరిగ్గా ఒళ్లు జలదరించే చోట సీన్ ఆపి ఆ గొంతు వివరణ మొదలెడుతుంది. బిగువు అక్కడే సడలిపోతుంది. రెండో సీజన్‌లో ఆ గొంతు తీసేశారు. కథ సాఫీగా సాగింది గానీ, ఏది రికార్డు, ఏది రచయిత కల్పన అన్నది తెలియకుండా పోయింది. మా ఓటు మొదటి సీజన్‌కే. అయితే మూడో ఎపిసోడ్ ‘బ్లాక్ స్టాకింగ్స్’తో మొదలుపెట్టండి. రెండోది ‘ఎకోస్’, లోబోటమీ (మానసిక రోగుల మెదడులో నరాల దారులు కోసే ఆపరేషన్) చేసిన డాక్టర్ వాల్టర్ ఫ్రీమన్ గురించి. బాగానే తీశారు, కానీ అది జానపదం ఎలా అవుతుందని విసుక్కునేవాళ్లను తప్పుపట్టలేం.

ప్ర: మొదటి ఎపిసోడ్‌లో అమ్మాయి శవాన్ని తవ్వి తీసి గుండె కాల్చడం నిజంగా జరిగిందా? శవం కుళ్లకుండా ఎలా ఉంది? (మలక్‌పేట పాఠకురాలు)

జ: జరిగింది. అమెరికాలో రోడ్ ఐలాండ్‌లోని ఎక్సెటర్ అనే ఊళ్లో, 1892లో. బ్రౌన్ కుటుంబంలో ముందు తల్లి, తర్వాత పెద్దకూతురు క్షయతో పోయారు. జనవరి 17న 19 ఏళ్ల మెర్సీ పోయింది. అన్న ఎడ్విన్ కూడా మంచం పట్టాడు. చచ్చినవాళ్లలో ఎవరో బతికున్నవాడి ప్రాణం పీలుస్తున్నారని ఊరివాళ్లు పట్టుబట్టి మార్చి 17న శవాలను బయటికి తీయించారు. తల్లీ అక్కా అప్పటికి ఎనిమిదేళ్లుగా మట్టిలో ఉన్నారు. మెర్సీని మాత్రం పాతిపెట్టలేదు, చలికాలం కావడంతో నేల మీది రాతిగదిలో ఉంచారు. రెండు నెలలు ఫ్రిజ్‌లో పెట్టినట్టే కదా! అందుకే శరీరం పెద్దగా పాడవలేదు, గుండెలో రక్తం కనిపించింది. పరీక్షించిన డాక్టరే ఇందులో వింతేమీ లేదని, ఊపిరితిత్తుల్లో క్షయ జాడలున్నాయని చెప్పాడు. వినలేదు. గుండెను కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి ఎడ్విన్‌కు తాగించారు. రెండు నెలలు తిరక్కుండానే అతనూ పోయాడు.

క్షయ ఒకే ఇంట్లో వరసగా ఎందుకొస్తుంది? రోగి దగ్గినప్పుడు గాల్లోకి వచ్చే క్రిములు, మూసి ఉన్న గదిలో పక్కనే మసిలేవాళ్లకు చేరతాయి. మనిషి నెలల తరబడి కరిగిపోవడం చూసినవాళ్లకు ఎవరో పీల్చేస్తున్నారనే అనిపించింది. రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని 1882లోనే బయటపెట్టాడు. పదేళ్లయినా ఆ కబురు ఎక్సెటర్ పొలాల దాకా నడవలేదు. మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది 1897లో, అంటే మెర్సీ పోయిన ఐదేళ్లకు. ఆ రోజుల్లో ఏ రోగం ఎలా వస్తుందో చదువుకున్నవాళ్లలోనే అందరికీ తెలియదు.

ప్ర: ‘బ్లాక్ స్టాకింగ్స్’, తోడేలు మనిషి కథల్లో నిజం ఎంత? (చిక్కడపల్లి పాఠకుడు)

జ: రెండింటికీ సాక్ష్యం బరువు ఒకటి కాదు. ‘బ్లాక్ స్టాకింగ్స్’ కథ ఇది: ఐర్లాండ్‌లోని టిప్పరరీలో 1895లో బ్రిడ్జెట్ క్లియరీ జబ్బుపడితే, ఈమె నా భార్య కాదు, మాయాలోకంవాళ్లు మార్చి పెట్టిన మనిషి అని భర్త మైకేల్ కాల్చి చంపాడు. దీనికి కోర్టు విచారణ ఉంది, సాక్షులున్నారు. హత్య కాదు, నేరపూరిత నరహత్య అని తేల్చి అతనికి 20 ఏళ్లు శిక్ష వేశారు, 15 ఏళ్లు జైల్లో ఉన్నాడు. జర్మనీలోని బెడ్‌బర్గ్‌లో తోడేలు మనిషి అంటూ 1589లో మరణశిక్ష వేసిన పీటర్ స్టుంప్ సంగతి వేరు. అతని గురించి మనకు తెలిసినదాంట్లో చాలావరకు 1590 నాటి ఒక లండన్ కరపత్రం నుంచి వచ్చిందే. ఒప్పుకోలు చిత్రహింస భయంతో రాబట్టింది. అతనికి శిక్ష పడిందన్నంత వరకే నమ్మండి.

ప్ర: ఇలాగే బాణామతి మీద సిరీస్ తీయొచ్చు కదా? (సిద్దిపేట నుంచి వచ్చి ఈసీఐఎల్‌లో ఉంటున్న పాఠకుడు)

జ: తీయొచ్చు. కానీ దయ్యాన్ని కాదు, నింద పడ్డ మనిషిని మధ్యలో పెట్టాలి. మంత్రం పలకకుండా పళ్లు పీకడం, చెట్టుకు కట్టి కొట్టడం లాంటివి మన పల్లెల్లో జరిగాయి. ఎఫ్‌ఐఆర్, కోర్టు తీర్పు ఉన్న కేసులే తీసుకోవాలి, బతికున్న కుటుంబాల పేర్లు, ఊర్లు మార్చాలి. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చేసిన మూఢనమ్మకాల వ్యతిరేక చట్టాల నేపథ్యం ఒక ఎపిసోడ్‌కు సరిపోతుంది. తేలికగా మొదలుపెట్టాలంటే తలుపుల మీద రాసే ‘ఓ స్త్రీ రేపు రా’ ఉండనే ఉంది.

ప్ర: మా టీవీలో సగం సీన్లు నల్లగా ఉన్నాయి, మాటలూ వినిపించవు. (దిల్‌సుఖ్‌నగర్ పాఠకురాలు)

జ: ముందు ఎకో లేదా పవర్ సేవింగ్ ఆపండి, అది వెలుగు తగ్గించేస్తుంది. పిక్చర్ మోడ్ ‘సినిమా’లో పెట్టి బ్యాక్‌లైట్ పెంచండి. చాలా టీవీల్లో ‘బ్రైట్‌నెస్’ మరీ పెంచితే నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. బయటి బాక్సు వాడుతుంటే దాని హెచ్‌డీఎంఐ రేంజ్, టీవీ బ్లాక్ లెవెల్ (నలుపు ఎక్కడ మొదలవుతుందో చెప్పే సెట్టింగులు) ఒకటే ఉండాలి. బాక్సులో ‘ఫుల్’, టీవీలో ‘లిమిటెడ్’ ఉంటే నీడలన్నీ మసి ముద్దవుతాయి. నీడల్లో గళ్లు గళ్లుగా వస్తే నెట్ వేగం చాలడం లేదు. మాటలకు: 5.1 శబ్దాన్ని (ఆరు స్పీకర్లకు విడగొట్టిన ఆడియో) టీవీ స్పీకర్లు రెండుకు కుదించేటప్పుడు మాటలు వచ్చే మధ్య చానల్ బలహీనపడొచ్చు, ఆడియోను స్టీరియోకు మార్చండి. ఐరిష్ యాసకు మాత్రం సబ్‌టైటిల్సే గతి.

ప్ర: ఎనిమిదో తరగతి బాబుకు చూపించొచ్చా? (అల్వాల్ పాఠకుడు)

జ: వద్దండి. ‘ఎకోస్’లో కంటి పైనుంచి పనిముట్టు దించే సీన్లు పెద్దవాళ్లకే కష్టం. ప్రైమ్‌లో వయసు పరిమితి పెట్టి పిన్ వేయండి. ఫోన్‌లో పెట్టి వదిలేస్తే టీవీలో ఆగదు, ఏయే పరికరాలకు వర్తించాలో విడిగా టిక్ చేయాలి.