నవ్వించిన తాతయ్య, నాన్న ఎరిగిన సైనికుడు

ప్రశ్న: మా తాతయ్య 86 ఏళ్ల వయసులో రెండు నెలల క్రితం పోయారు. సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి. మనవలం మాకు మాత్రం ఆయనంటే ఆటలూ అల్లరీ. పేకాటలో అందరికీ కనిపించేలా ముక్క దాచేవారు. తన కళ్లజోడు తానే ఎక్కడో పెట్టి, మమ్మల్ని వరసలో నిలబెట్టి ఇల్లంతా గాలించమని హుకుం జారీ చేసేవారు. మాలో అందరికన్నా చిన్నవాడు కమాండరు, ఆయన సిపాయి. వచ్చే నెలలో సంస్మరణ సభ. నన్ను మాట్లాడమన్నారు. ఇవన్నీ రాసుకుంటే నాన్నగారు చదివి, ‘ఆయన ప్రాణాలకు తెగించి పనిచేసిన మనిషి. నలుగురిలో ఆయన్ను నవ్వులపాలు చేయకు’ అని కాగితం తిరిగి ఇచ్చేశారు. ఈలోగా తాతయ్య పెట్టెలో చిన్న నోటుపుస్తకం దొరికింది. ఒక పేజీలో నలుగురి పేర్లు, ఒకే తేదీ, కింద ‘నేను మిగిలాను’ అని ఉంది. అది చూసినప్పటి నుంచి, ఆయన నవ్వంతా బాధను కప్పిపుచ్చుకోవడానికేనేమో, మేమే తెలుసుకోలేకపోయామేమో అని నిద్ర పట్టడం లేదు. నాన్నగారి చిన్నతనంలో తాతయ్య ఎక్కువగా ఇంట్లో ఉండేవారు కాదట. సభలో నేనేం మాట్లాడాలి?

జవాబు: ముందు మీ నిద్ర పోగొట్టిన ఆ పేజీ సంగతి చూద్దాం. మీ తాతయ్య నవ్వు నటన అని ఆ పేజీ చెప్పడం లేదు. ఆయన నలుగురు మనుషులను పోగొట్టుకున్నారని, జీవితాంతం వాళ్లను మరచిపోలేదని మాత్రమే చెబుతోంది. ఆ రెంటినీ కలిపి మీరే ఒక కథ అల్లుకున్నారు. బాధను కప్పిపుచ్చుకోవడానికి నవ్వే మనిషి నలుగురిలో నవ్వి గదిలోకి వెళ్లిపోతాడు. చిన్నపిల్లలతో గంటల తరబడి ఆడటం అతనికి కష్టం, అతని మనసు అక్కడ లేదని పిల్లలు చాలాసార్లు పసిగడతారు. మీ తాతయ్య ఏం చేశారో చూడండి. పై అధికారి మాటకు ఎదురుచెప్పే వీలులేని ఉద్యోగంలో ఏళ్లు గడిపిన మనిషి, ఇంట్లో అందరికన్నా చిన్నవాడికి కమాండరు పదవి ఇచ్చి, వాడి ముందు తాను సిపాయిగా నిలబడ్డారు. ఇది ఊరికే తోచే ఆట కాదు. తన ఉద్యోగ జీవితాన్ని తిరగేసి మీకు ఆటవస్తువుగా ఇచ్చారు. ఆ ఆటలో ఆయన నిజంగా ఆనందించారనే నేను నమ్ముతున్నాను.

పోయినవారిని తలుచుకుని నవ్వడం అమర్యాద కాదు. జార్జ్ బొనానో, డాకర్ కెల్ట్‌నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారితో మాట్లాడి, 1997లో ఒక పరిశోధన ప్రచురించారు. పోయిన మనిషి గురించి చెబుతూ మనసారా నవ్వగలిగినవారిలో వేదన తక్కువగా ఉన్నట్టు వాళ్లు గమనించారు. ఇక్కడ మాట్లాడుతున్నది పైపై నవ్వు గురించి కాదు, కళ్లదాకా పాకే నవ్వు గురించి. మీ కాగితంలో ఉన్నది ఆ నవ్వే.

ఇక మీ నాన్నగారు. ఉత్తరం చివర్లో మీరు యథాలాపంగా రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆయన చిన్నతనంలో తండ్రి ఇంట్లో లేరు. సైనికుల పిల్లలు చాలామందికి నాన్న అంటే ఉత్తరం, ఫొటో, సెలవుల్లో వచ్చి వెళ్లే మనిషి. ఆ కొద్ది రోజుల సెలవులోనే చదువులు అడగాలి, మంచీ చెడూ చెప్పాలి, మళ్లీ బయలుదేరాలి. ఆటలకు తీరిక ఎక్కడిది? అలాంటి ఇంట్లో పిల్లవాడికి ఊరట ఒక్కటే, మా నాన్న గొప్ప పని మీద వెళ్లాడు అనుకోవడం. నాన్న లేని ప్రతి పండుగకూ ప్రతి పుట్టినరోజుకూ ఆ మాటే సమాధానం. ఇప్పుడు మీరు నిండు సభలో నిలబడి ముక్క దాచిన తాతయ్యను, కళ్లజోడు వెతికించిన తాతయ్యను వర్ణిస్తే, తనకు దక్కని తండ్రి తన బిడ్డకు దక్కాడని ఆయన అందరి ముందూ వినాలి. పైగా తాను అంతకాలం పట్టుకుని నిలబడిన ఆ గొప్పతనాన్ని ఎవరో పక్కకు నెట్టినట్టు ఉంటుంది. ఆయన కోపం మీ కాగితం మీద కాదని నాకు అనిపిస్తోంది.

తాతలైన తర్వాత మెత్తబడిన తండ్రులను చూసి, వాళ్ల కొడుకులూ కూతుళ్లూ ఒకపక్క మురిసిపోతూ మరోపక్క నొచ్చుకోవడం నాకు తెలుసు. ఆ నొప్పిని పైకి చెప్పరు. చెబితే సొంత పిల్లల మీద అసూయపడినట్టు అవుతుందని భయం. కాబట్టి ఆయనతో వాదించకండి. గౌరవం అంటే ఏమిటో వివరించే ప్రయత్నం అసలే వద్దు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ‘నాన్నా, తాతయ్య సెలవుకు వచ్చిన రోజు ఇల్లు ఎలా ఉండేది?’ అని అడగండి. తాతయ్య ఎలాంటివారు అని అడిగితే ‘చాలా గొప్పవారు’ అనే జవాబే వస్తుంది. వచ్చిన రోజు గురించి అడిగితే తలుపు చప్పుడు, బూట్లు విప్పిన చోటు, భుజం మీద సంచీ, ఎవరు ముందు పరుగెత్తారు, ఎవరు వెనక దాక్కున్నారు, ఇవన్నీ ఒక్కొక్కటే బయటకు వస్తాయి. మధ్యలో ఆయన ఆగిపోతే మీరు మాట అందించకండి. అనుమతి తీసుకుని ఫోనులో రికార్డు చేయండి. కొన్నాళ్లు పోయాక ఆ గొంతు మీకే కావాలనిపిస్తుంది.

నోటుపుస్తకం విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెబుతాను. ఆ పేజీని సభలో చదవకండి. బతికుండగా ఆయన ఎవరికీ చూపించని పేజీ అది. మీ నానమ్మగారు ఉన్నట్లయితే ఆమెకు, లేకపోతే నాన్నగారికి ముందు చూపించండి. వాళ్లకు ఆ సంగతి ఎప్పటినుంచో తెలిసి ఉండవచ్చు. ఆయనతో కలిసి పనిచేసినవారు ఎవరైనా ఉంటే, ఆ నలుగురు ఎవరో వాళ్లు చెప్పగలరు. అలా తెలిసేదాకా మీరు ఊహలు అల్లకండి. ‘నేను మిగిలాను’ అనే మాటలో దుఃఖం ఉండవచ్చు, అపరాధ భావం ఉండవచ్చు, కృతజ్ఞత కూడా ఉండవచ్చు. ఆయన వివరించలేదు. ఆ మాటను ఆయనకే వదిలేయడం మీరు చూపగల మర్యాద.

మిమ్మల్ని గురించి కూడా ఒక మాట. నిండు వయసు కదా, తాతయ్యే కదా అని చుట్టుపక్కలవాళ్లు మీ దుఃఖాన్ని తేలిగ్గా తీసుకుని ఉంటారు. మీరు తీసుకోకండి. పోయినవారితో బంధం తెంచుకుంటేనే మనిషి కోలుకుంటాడని ఒకప్పుడు నిపుణులు గట్టిగా నమ్మేవారు. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ నమ్మకాన్ని ప్రశ్నించారు. పోయినవారితో బంధం రూపం మార్చుకుని కొనసాగడం మామూలేనని వాళ్లు చూపించారు. మీ కమాండరు ఆట రేపు మీ పిల్లలతో ఆడినా అందులో తప్పులేదు. రెండు నెలలకు కన్నీళ్లు రావడం సహజం. కానీ ఆరు నెలలు దాటాక కూడా మీరో నాన్నగారో రోజువారీ పనులు చేసుకోలేని స్థితిలో, అదే తలపులో కూరుకుపోయి ఉంటే ఆలస్యం చేయకుండా మానసిక నిపుణులను కలవండి. అలాంటి దీర్ఘకాలిక దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రుగ్మతగా గుర్తించింది.

సభలో మీ మాటలు పది నిమిషాలు దాటనివ్వకండి. ఆయన చేరిన సంవత్సరం, పనిచేసిన దళం, అందుకున్న పతకాలు నాన్నగారినే చెప్పమనండి. ఆ వివరాలను ఆయనకన్నా శ్రద్ధగా ఎవరూ చెప్పలేరు. మాట్లాడలేనంటే రాసిమ్మని, ‘ఇది నాన్న రాసింది’ అని చెప్పి మీరు చదవండి. సెలవుకు వచ్చిన రోజు సంగతి చెప్పడానికి ఆయన ఒప్పుకుంటే అది తర్వాత. కమాండరూ సిపాయీ కథ ఆ పైన. ఆ వరసలో వింటే, క్రమశిక్షణతో బతికిన మనిషే చివరికి పసివాడి ముందు సెల్యూట్ కొట్టి నిలబడ్డాడని అందరికీ అర్థమవుతుంది, మీరు విడమరచి చెప్పే పని ఉండదు. జనం నవ్వితే ఆగండి, నవ్వు పూర్తయ్యాక కొనసాగించండి. కాగితం తుది రూపం సభకు ముందు రోజు రాత్రి కాదు, కనీసం వారం ముందే నాన్నగారి చేతికివ్వండి. ఆయన ఒకటి రెండు వాక్యాలు కొట్టేస్తే కొట్టేయనివ్వండి. ముక్క దాచిన కథ కొట్టేస్తే మాత్రం, ‘ఇది నాకు కావాలి నాన్నా’ అని అడగండి.