తడిబట్టల ప్రమాణం చెయ్యనంటే తప్పు ఒప్పుకున్నట్టా?

సందేహం: మాది కోనసీమలో రాజోలు వైపు ఒక లంక గ్రామం. మా మేనత్తకి అరవై దాటాయి, మావయ్య పోయాక ఒక్కతే ఉంటోంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. అత్త ఇంటి పక్కనున్న రొయ్యల చెరువు వరసగా రెండు పంటలు పోయింది. ఆ రైతు ఒక మంత్రగాడిని తీసుకొస్తే, ముగ్గేసి దీపం పెట్టి చూసి, ‘తూర్పు దిక్కున మగదిక్కు లేని ఆడమనిషి చేతబడి చేసింది’ అన్నాడట. ఊరి పెద్దలు కూర్చుని, వచ్చే ఆదివారం అమ్మవారి గుడి ముందు తడిబట్టలతో ప్రమాణం చెయ్యాలనీ, చెయ్యకపోతే అమ్మవారి ఆగ్రహం తప్పదనీ, రూ.50,000 తప్పు కట్టించి ఊరు దాటిస్తామనీ చెప్పారు. కొట్లో సరుకులు ఇవ్వడం లేదు. స్టేషన్‌కి వెళితే పెద్దల్లో తేల్చుకోమన్నారు. మేం ఎస్సీలం, చెరువు రైతు ఎస్సీ కాదు. పెద్దల్లో మాత్రం మావాళ్ళూ ఉన్నారు. రెండేళ్ళ కిందట అతను అత్త కొబ్బరితోట ఇరవై సెంట్లు చెరువు కోసం లీజుకి అడిగితే ఆమె ఇవ్వలేదు. ప్రమాణం చేసేస్తే గొడవ వదిలిపోతుందంటున్నారు చుట్టాలు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: ప్రమాణం చేయించకండి. ఆదివారం ఆమెని ఆ గుడి దగ్గరికే పంపకండి.

మీ చుట్టాలు మంచికే చెబుతున్నారు గానీ, ప్రమాణంతో ఇలాంటి గొడవ ఆగదు. ప్రమాణం చేసిన మనిషికి ఊరు గడువు పెడుతుంది. ఆ గడువులోపు ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, గొడ్డు పడిపోయినా, అబద్ధపు ప్రమాణం చేసింది కాబట్టే అమ్మవారు చూపించిందంటారు. వానాకాలం కోనసీమలో జ్వరం రాని ఇల్లేది? ఏమీ జరక్కపోతే ‘అమ్మవారిని కూడా కట్టేసింది’ అంటారు. ఎటు తిరిగినా మీ అత్తే దొరుకుతుంది.

ఇంకో మాట. ప్రమాణానికి ఒకప్పుడు మన కోర్టుల్లోనే చోటుండేది. 1873 నాటి ప్రమాణాల చట్టం కింద ఒక పార్టీ ‘అవతలివాళ్ళు ఫలానా విధంగా ప్రమాణం చేస్తే నేను కట్టుబడతాను’ అనవచ్చు. అవతలివాళ్ళు చేస్తే ఆ సాక్ష్యమే తిరుగులేనిదయ్యేది. 1969లో కొత్త చట్టం వచ్చి ఆ పద్ధతి తీసేసింది. కోర్టే వదిలేసిన పనిని రచ్చబండ దగ్గర చేయించే హక్కు ఎవరికీ లేదు. చెయ్యననడం మీ అత్త హక్కు. అది నేరం ఒప్పుకోవడం కానే కాదు.

పైగా ఒప్పుకోవడానికి అక్కడ నేరమే లేదు. ఇంగ్లండులో మంత్రగత్తెలని ముద్రవేసి చట్టప్రకారమే ఉరితీసిన రోజులున్నాయి. 1735లో వాళ్ళ పార్లమెంటు ఆ శిక్షలు ఎత్తేసింది. మనకు ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పదేళ్ళకి, 1862 జనవరి 1న, పీనల్ కోడ్ అమల్లోకి వచ్చింది. మంత్రం వేసి చెరువు పోగొట్టడం అనే నేరం అందులోనూ లేదు, 2024 జులై 1 నుంచి నడుస్తున్న భారతీయ న్యాయ సంహితలోనూ లేదు. కాబట్టి మీ అత్త చేతబడి చెయ్యలేదని రుజువు చెయ్యడానికి మీరు బయలుదేరవద్దు. నేరాలన్నీ అవతలి పక్కన ఉన్నాయి, అవి రాసి ఇవ్వండి.

మీకున్న పెద్ద బలం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో సెక్షన్ 3(1)(జెడ్‌బి) చేర్చారు. మంత్రవిద్య చేస్తుందన్న నింద మోపి ఎస్సీ, ఎస్టీ మనిషిని కొట్టినా, మానసికంగా బాధపెట్టినా నేరం. కొట్టేదాకా ఆగనక్కర్లేదు. సరుకులు ఆపించడం సాంఘిక బహిష్కారం, అది సెక్షన్ 3(1)(జెడ్‌సి) కిందకి వస్తుంది. రెండింటికీ ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలు, జరిమానా. ముందస్తు బెయిలుకి ఈ చట్టం అడ్డుకట్ట వేసింది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి.

అయితే ఈ చట్టం ఎస్సీ, ఎస్టీలు కాని వాళ్ళ మీదే పనిచేస్తుంది. పెద్దల్లో కూర్చున్న మీ వాళ్ళకి న్యాయ సంహిత ఉంది. ప్రమాణం చెయ్యకపోతే అమ్మవారి ఆగ్రహానికి గురవుతావని నమ్మించి ఒకరిచేత చెయ్యనక్కర్లేని పని చేయించడం 354 కింద నేరం. డబ్బు ఇంకా చేతులు మారకపోయినా, గుంజడానికి భయపెట్టడం 308(3). బెదిరింపు 351. పదిమందిలో పరువు తియ్యడం 356, కానీ దానికి పోలీసులు నేరుగా కేసు కట్టరు, మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లయింటు వేసుకోవాలి. మంత్రగాడి పేరు కూడా ఫిర్యాదులో తప్పకుండా రాయండి. ఇలాంటి కేసుల్లో పేరు చెప్పినవాడు చల్లగా తప్పుకుంటాడు, దెబ్బలాడుకున్న ఊరివాళ్ళే కోర్టు మెట్లు ఎక్కుతారు.

బీహార్ 1999లో, ఛత్తీస్‌గఢ్ 2005లో ఇలాంటి నిందల కోసమే చట్టాలు చేశాయి. మహారాష్ట్ర 2013లో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య పుణెలో జరిగాక చేసింది. మన రాష్ట్రానికి అలాంటిది లేదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే మీ అత్త ఎస్సీ కాకపోయి ఉంటే ఈ సమాధానం ఇంత ధైర్యంగా రాయగలిగేవాణ్ణి కాదు.

ఫిర్యాదు ఈ వారంలోనే వెళ్ళాలి. ఎవరు, ఏ రోజు, ఎక్కడ, ఏ మాట అన్నారో ఆ మాటనే రాయండి. ‘అసభ్యంగా దూషించారు’ అని రాస్తే కేసు పల్చబడుతుంది. కుల ధ్రువపత్రం నకలు జతచెయ్యండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కట్టే కేసుని జీరో ఎఫ్ఐఆర్ అంటారు, మీరు హైదరాబాద్‌లో దగ్గరి స్టేషన్‌లోనే అది ఇవ్వవచ్చు. ఊరి స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ ముందుకి వెళ్ళవచ్చు. ఎస్సీ మహిళ ఫిర్యాదుని కావాలని పక్కన పెట్టిన అధికారికి అదే చట్టం సెక్షన్ 4 కింద శిక్ష ఉంది. ఆదివారం ఎవరైనా ఇంటి మీదకి వస్తే 112కి ఫోన్ చెయ్యమని అత్తకి చెప్పండి. చెరువు రైతునీ పెద్దలనీ తహసీల్దారు దగ్గర బైండోవర్ చెయ్యమని, అంటే గొడవ చెయ్యమని పూచీకత్తు రాయించుకోమని కూడా అడగండి.

వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజీలు చెరపకండి, ఆ ఫోన్ మార్చకండి. గుమ్మం ముందు నిమ్మకాయలు, కుంకుమ కనిపిస్తే ముందు ఫొటో తీసి ఆ తర్వాత ఊడవమనండి.

చెరువు సంగతి. వనామి రకం రొయ్య వేసే ప్రతి రైతుకీ తెల్లమచ్చ వైరస్ తెలుసు. సోకితే పది రోజుల్లోపే చెరువు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. కాలువ నీళ్ళతో వస్తుంది, పీతలతో వస్తుంది, చచ్చిన రొయ్యని ముక్కున కరుచుకుని పక్క చెరువులో జారవిడిచే కాకులతో వస్తుంది. గట్ల చుట్టూ వల కట్టేది, పైన తాళ్ళు లాగేది అందుకే. సీడుకి, అంటే చెరువులో వేసే రొయ్యపిల్లలకి, వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష చేయించాడా, చచ్చిన రొయ్యని ల్యాబుకి పంపాడా అని దర్యాప్తు అధికారి అతన్నే అడగాలి.

‘వాళ్ళు నిజంగానే నమ్మారు కదా, కోర్టు వదిలేస్తుందేమో’ అనే అనుమానం కొందరికి వస్తుంది. 1960లో అచ్చయిన ఒరిస్సా హైకోర్టు తీర్పు ఒకటుంది. పాడుబడ్డ విమానాశ్రయంలో రాత్రివేళ ఆడవాళ్ళని దయ్యాలనుకుని ఒకతను కత్తితో నరికాడు, ఒకామె చనిపోయింది. అక్కడ మనుషులున్నారనే అతనికి తెలియదని కోర్టు అతన్ని విడిచిపెట్టింది. మీ ఊళ్ళో ఎదురుగా ఉన్నది మనిషనీ, ఫలానా ఇంటి ఆడమనిషనీ అందరికీ తెలుసు. ఆ తీర్పు వాళ్ళకి పనికిరాదు. తెలుగునేల మీద మంత్రం నోట పలక్కుండా ముందుపళ్ళు ఊడగొట్టిన దారుణాలన్నీ ఇలా తెలిసి చేసినవే.

ఇక మీరు చివర్లో రాసిన ఇరవై సెంట్లు. నాకు ముందు కనిపించింది అదే. ఒంటరి ఆడమనిషి మీద ఇలాంటి నింద పడినప్పుడు ఆమె పేరున భూమి ఎంత ఉందో, దాని సరిహద్దుల్లో ఎవరున్నారో నేను ముందు అడుగుతాను. లీజు అడిగిన సంగతి ఫిర్యాదులో తప్పక ఉండాలి. అతను తోటలోకి దిగుతాడన్న అనుమానం ఉంటే అతన్ని అడుగుపెట్టనివ్వకుండా సివిల్ కోర్టులో ఇంజంక్షన్ ఉత్తర్వు అడగండి. మహిళకి, అందులోనూ ఎస్సీకి, ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టం చెబుతోంది. 15100కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు.

కొన్నాళ్ళు మీ దగ్గరికి వస్తానని అత్త అంటే తీసుకెళ్ళండి, ఆ నిర్ణయం ఆమెది. వచ్చే ముందు పట్టాదారు పాస్‌బుక్కు, భూమి రికార్డు 1బి నకలు, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు సంచిలో పెట్టుకోమనండి. కొబ్బరి దింపులు ఆపవద్దు. దింపు డబ్బు ఆమె ఖాతాలోనే పడేలా చూడండి, తోట ఆమె స్వాధీనంలోనే ఉందనడానికి అదొక సాక్ష్యం అవుతుంది.