కొరాపుట్ చలిలో సైకిలు తొక్కేవారు ఏం తొడుక్కోవాలి?

కొత్తగా ఒడిశాలోని సునాబెడకు బదిలీపై వచ్చానని, తెల్లవారుజామున కొరాపుట్ వైపు సైకిలుపై వెళుతుంటే మందపాటి స్వెట్టరు వేసుకున్న రోజు చెమటతో తడిసిపోతున్నానని, వేసుకోని రోజు వణికిపోతున్నానని మీరు రాశారు. నేను ఈ ప్రాంతంలోనే చాలా ఏళ్లుగా చలికాలమంతా సైకిలు తొక్కుతున్నాను. నా అనుభవంలో ఈ ఇబ్బందికి కారణం వెచ్చదనమంతా ఒకే బట్టలో ఉండటం. దాన్ని వేసుకోవడమో విప్పేయడమో తప్ప మధ్యేమార్గం ఉండదు. అదే వెచ్చదనాన్ని మూడు పలుచని బట్టలుగా విడదీసుకుంటే దారినిబట్టి తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు.

సైకిలు తొక్కేటప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే పెడళ్లకు చేరుతుంది, మిగిలినదంతా వేడిగా మారుతుంది. అందువల్ల ఇంటి గుమ్మం దగ్గరే వెచ్చగా ఉన్నారంటే మొదటి ఎత్తు ఎక్కేసరికి చెమట పట్టడం ఖాయం. బయలుదేరిన పది నిమిషాల వరకు కొద్దిగా చలి తెలిసేలా ఉండటమే సరైన కొలత.

ఒంటికి ఆనుకొని ఉండే మొదటి పొర విషయంలో మాత్రం రాజీ పడకండి. మనకు అలవాటైన నూలు బనియను చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, తడి బట్ట ఒంటి వేడిని పొడి బట్టకంటే ఎంతో వేగంగా లాగేస్తుంది. ఆటలాడేవారు వేసుకునే పాలిస్టర్ టీషర్టు, ఒంటికి పట్టి ఉండేది, చాలా తక్కువ ధరకే దొరుకుతుంది, చెమటను బయటికి పంపి త్వరగా ఆరుతుంది. రెండో పొరగా పలుచని ఉన్ని స్వెట్టరు గాని ఫ్లీసు (మెత్తని నూగు ఉండే పాలిస్టర్ బట్ట) గాని సరిపోతుంది, ముందువైపు నిలువునా జిప్పు ఉంటే ఇంకా మంచిది. మూడోది గాలి చొరబడని పలుచని విండ్‌చీటరు.

ఈ మూడోదాని విలువ ఘాట్‌లో తెలుస్తుంది. అమెరికా, కెనడా దేశాలు 2001 నుంచి వాడుతున్న లెక్క ప్రకారం, 5 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి తగిలితే ఒంటికి సున్నా డిగ్రీలున్నట్లు అనిపిస్తుంది. కొరాపుట్ నుంచి జయపురం వైపు ఘాట్ దిగేటప్పుడు, లేదా పొట్టంగి దాటి సుంకి మీదుగా సాలూరు వైపు దిగేటప్పుడు, గాలి వీచకపోయినా మన వేగమే ఆ గాలిని పుట్టిస్తుంది. పైగా దిగేటప్పుడు కాళ్లకు పని ఉండదు కనుక లోపలి వేడి కూడా తగ్గిపోతుంది. అందుకే ఎక్కేటప్పుడు విండ్‌చీటరును మడిచి వీపు జేబులో పెట్టుకుంటాను, స్వెట్టరు జిప్పు సగం దించుతాను. పైకి చేరి టీ కోసం ఆగితే, గ్లాసు చేతికి రాకముందే విండ్‌చీటరు తొడిగి జిప్పు మెడదాకా లాగుతాను. చెమట చల్లబడి వణుకు మొదలైన తరువాత ఎన్ని తొడిగినా వెంటనే వెచ్చబడదు.

విండ్‌చీటరు లేని రోజు స్వెట్టరు లోపల ఛాతీమీద వార్తాపత్రికను పరచుకోండి. ఐరోపాలో పర్వతాల మీద పందేలు తొక్కేవారు శిఖరం దగ్గర ప్రేక్షకుల నుంచి పత్రికలు అందుకుని ఇలాగే దిగేవారు. గాలిని ఆపడంలో ఒడియా పత్రికకు, తెలుగు పత్రికకు తేడా ఏమీ లేదు.

చేతుల విషయం తేలికగా తీసుకోవద్దు. వేళ్లు కొంకర్లు పోతే ఘాట్ మలుపులో బ్రేకు సరిగా పట్టలేరు, కాబట్టి గ్లౌజులు సౌకర్యం కోసం కాదు, భద్రత కోసం. మెడకు మఫ్లరు వద్దు, దాని కొస జారి చక్రంలో పడే ప్రమాదం ఉంది. చెవులు కప్పే పలుచని టోపీ హెల్మెట్ కింద ఇమిడితే చాలు. మందపాటి మంకీ క్యాపుతో హెల్మెట్ సరిగా కూర్చోదు. మోకాళ్లు కప్పే పొడవాటి ప్యాంటు తప్పనిసరి.

ఇంకొక సంగతి: పుష్యమాసపు తెల్లవారుజామున చల్లని గాలి పల్లానికి దిగి నిలిచిపోతుంది కనుక, గట్టుమీదకంటే లోతట్టు పొలాల పక్కనే చలి ఎక్కువగా ఉండవచ్చు. ఎత్తు తగ్గింది కదా అని అక్కడ విండ్‌చీటరు విప్పకండి.

ఇవన్నీ ఒకేసారి కొననక్కరలేదు. మొదట విండ్‌చీటరు, ఆ తరువాత గ్లౌజులు తీసుకోండి. రెండో పొరకు ఇంట్లో ఉన్న పలుచని పాత స్వెట్టరు సరిపోతుంది, మీ మందపాటి స్వెట్టరును తిరిగి వచ్చి స్నానం చేశాక వేసుకోండి.