లుకేమియా నయమైన పిల్లల్లో మోకాలు నొప్పి

ప్రశ్న: పదకొండేళ్లప్పుడు లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చి నయమైన మా అబ్బాయికి ఇప్పుడు 15 ఏళ్లు. హనుమకొండలో ఉంటాం. మోకాలు నొప్పి అంటున్నాడు. ఎముకలు దెబ్బతిన్నాయా?

ఎదిగే వయసు నొప్పులని కొట్టిపారేయకండి. చికిత్సలో ఇచ్చే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్లు లుకేమియా కణాలతో పాటు ఎముకను కట్టే కణాలనూ దెబ్బతీస్తాయి. మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు దానికి తోడు. అలా తగ్గిన ఎముక సాంద్రత చాలామందిలో కొన్నేళ్లకు చాలావరకు కోలుకుంటుంది.

నా అనుమానం వేరే: ఆస్టియోనెక్రోసిస్. స్టెరాయిడ్ల వల్ల రక్తం అందక ఎముకలో కొంత భాగం చచ్చిపోవడం. పదేళ్లు దాటాక చికిత్స పొందినవారికి ఈ ముప్పు ఎక్కువ. చిక్కేమిటంటే, తేడా తుంటిలో ఉన్నా నొప్పి మోకాలిలో తెలియవచ్చు. బాసింపట్టు వేసి కూర్చోగలుగుతున్నాడా? నడకలో కుంటు ఉందా? తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు, ఎంఆర్ఐలో బయటపడుతుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లినా, ప్రైవేటుకు వెళ్లినా పాత ఫైలు వెంట ఉండాలి. స్టెరాయిడ్ల సంగతి డాక్టరు అడగకముందే చెప్పండి.

సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ అవసరమేమో డాక్టరును అడగండి. పిల్లవాడు పొట్టిగా ఉంటే అది ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, కంగారుపడకండి.

తైదంబలి (రాగి అంబలి), పెరుగు, నువ్వుల సద్ది: కాల్షియానికి ఇవి మంచివి. విటమిన్ డి మాత్రం రక్తపరీక్ష చూసే వేయాలి. తుంటి సంగతి తేలేదాకా పరుగులు, గెంతులు వద్దు. బాగుందంటే భద్రకాళి బండ్ మీద రోజూ నడిపించండి.